పక్కదుంగ పడవ: ఇంట్లో కట్టుకునేవాళ్ల ప్రశ్నలు, జవాబులు

పోయిన సంచికలో ఇంటి దగ్గరే చెక్కతో అవుట్‌రిగ్గర్ తెరచాప పడవ కట్టుకోవడం గురించి రాశాక ఉత్తరాలు, మెయిళ్లు చాలా వచ్చాయి. ఆ వ్యాసం చూడనివాళ్ల కోసం రెండు మాటలు చెప్పి మొదలుపెడతాను. సన్నగా పొడుగ్గా ఉండే పడవ, దానికి ఒక పక్క కొంత దూరంలో నీళ్ల మీద తేలే చిన్న దుంగ, రెండిటినీ కలుపుతూ పైన రెండు అడ్డకర్రలు, ఇంతే అవుట్‌రిగ్గర్ అంటే. పసిఫిక్ దీవుల నుంచి ఇండోనేషియా, శ్రీలంక, అటు మడగాస్కర్ దాకా సముద్రం మీద బతికే జనం తరతరాలుగా కడుతున్న పడవ ఇది. హవాయిలో ఆ దుంగను అమ అనీ, అడ్డకర్రను ఇయాకో అనీ పిలుస్తారు. ఇక్కడ పక్కదుంగ, అడ్డకర్ర అనే రాస్తున్నాను. ఒకేలాంటి ప్రశ్నలు కలిపేశాను.

ప్రశ్న: మాది ఇండిపెండెంట్ ఇల్లు, కారు షెడ్డు 18 అడుగుల పొడవుంది. స్టూళ్లు, ఒక అల్మరా చేసిన అనుభవం తప్ప పడవ పని ఏమీ తెలియదు. మొదలుపెట్టొచ్చా? (ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, మియాపూర్, హైదరాబాద్)

జవాబు: నిక్షేపంగా మొదలుపెట్టండి. అల్మరా తలుపు సరిగ్గా మూసుకునేలా బిగించగలిగినవాళ్లకి ఇందులో కొరుకుడు పడని వడ్రంగం ఏమీ లేదు, కొత్తగా నేర్చుకోవాల్సింది ఎపాక్సీ (రెజిన్, హార్డెనర్ అనే రెండు ద్రవాలు కలిపితే గట్టిపడే జిగురు) పని, తాడు పని. ప్లైవుడ్ పలకల్ని డ్రాయింగు ప్రకారం కోసి, అంచుల వెంట చిన్న బెజ్జాలు వేసి, రాగి తీగతోనో ప్లాస్టిక్ టైలతోనో కుట్టేసి, లోపలి మూలల్లో ఎపాక్సీ ముద్ద పట్టించి దాని మీద ఫైబర్‌గ్లాస్ టేపు అతికించడం, ఇదే పద్ధతి. 1963లో బ్రిటన్‌లో బ్యారీ బక్నెల్, జాక్ హోల్ట్ కలిసి చేసిన మిర్రర్ డింగీ అనే చిన్న పడవతో ఈ పద్ధతి ఇళ్లలోకి వచ్చింది, పడవ పని ఎరగని కుటుంబాలు గ్యారేజీల్లో వేల సంఖ్యలో కట్టుకున్నాయి.

18 అడుగుల షెడ్డులో 16 అడుగుల పడవ పడుతుంది కానీ రెండు కొసల దగ్గర చిత్రిక పట్టడానికి మనిషి నిలబడే చోటు ఉండదు, రోజూ బయటికి జరుపుకోవాలి. దీనికి మంచి దారి ఒకటుంది. న్యూజిలాండ్‌లో స్థిరపడిన గ్యారీ డియర్కింగ్ అనే డిజైనరు వాఆపా అని ప్లైవుడ్ పడవ గీశారు, దాన్ని ముక్కలుగా కట్టుకోవచ్చు, 8 అడుగుల ముక్కలు మూడు కలిపి బోల్టులు బిగిస్తే 24 అడుగుల పడవ, మధ్య ముక్క తీసేసి రెండు కొసలే కలిపితే 16 అడుగులది. ముక్కలుగా ఉంటే మెట్ల కింద కూడా దాచుకోవచ్చు. ఏ డిజైనైనా సరే ప్లాను కొనుక్కోండి. మొదటి పడవకి సొంతంగా కొలతలు వేసుకోవద్దని గట్టిగా చెబుతున్నాను, పక్కదుంగ సైజు, అడ్డకర్రల పొడవు, తెరచాప వైశాల్యం ఒకదానితో ఒకటి ముడిపడి ఉంటాయి, ఒకటి మారిస్తే మిగతావి కదులుతాయి. ప్లాను చేతికొచ్చాక ప్లైవుడ్ జోలికి పోకుండా ముందు దళసరి అట్టతో పదో వంతు నమూనా చేసి టేపు అతికించి చూడండి, ఏ పలక ఎటు వంగుతుందో చేతులకే తెలిసిపోతుంది.

ప్రశ్న: మా తాతగారు తాళ్లరేవులో పడవల వడ్రంగి. ఆయన దాచిన టేకు పలకలు ఇంట్లో ఉన్నాయి. ప్లైవుడ్ మీద నాకు నమ్మకం లేదు, టేకుతోనే కట్టకూడదా? (కాకినాడ పాఠకుడు)

జవాబు: తాళ్లరేవు, కోరంగి అంటే ఓడలు కట్టిన నేల. 1839 తుపాను కోరంగి రేవుని ఊడ్చేసినా ఆ చుట్టుపక్కల చెక్కపడవల పని ఆగలేదు, మీ తాతగారు ఆ వరసలోని మనిషి. ఆయన పలకల విలువ నాకు తెలుసు, అందుకే వాటిని వాడాల్సిన చోటే వాడమంటున్నాను. అంగుళం మందం టేకు పలక చదరపు మీటరుకి దాదాపు 16 కిలోలు తూగుతుంది. 6 మిల్లీమీటర్ల ప్లైవుడ్ 4 కిలోల చిల్లర, అంటే 8 అడుగులకు 4 అడుగుల షీటు మొత్తం 12 కిలోలు. మీ ఊరి నావ సరుకు మోసేది, దానికి బరువుంటేనే నిలకడ. అవుట్‌రిగ్గర్‌కి నిలకడ పక్కనున్న దుంగ ఇస్తుంది, పడవ బరువు ఎంత పెరిగితే తెరచాప అంత పెద్దది కావాలి, దానికి తగ్గట్టు అడ్డకర్రలూ లావవ్వాలి, ఇక దానికి అంతుండదు. కాబట్టి ఒళ్లంతా ప్లైవుడ్‌తో కట్టి, తాతగారి టేకుని పైఅంచు బద్దలకి, తెరచాప కొయ్య అడుగు దిగే దిమ్మకి, చుక్కాని తెడ్డుకి పెట్టండి. రాపిడి పడేవి, చేతులు తగిలేవి అవే. ఒక జాగ్రత్త, టేకులో నూనె ఉంటుంది, ఎపాక్సీ పూసే ముందు శుభ్రమైన గుడ్డతో ఎసిటోన్ పట్టించి తుడిచి, ఆరగానే అతికించాలి, లేకపోతే అతుకు ఎప్పటికైనా ఊడుతుంది.

ప్లైవుడ్ మీద అపనమ్మకం మాత్రం సబబే, దుకాణంలో వాటర్‌ప్రూఫ్ అన్న మాట విని కొనేయకూడదు. షీటు మీద ఐఎస్ 710 అని ముద్ర ఉండాలి, మెరైన్ ప్లైవుడ్‌కి మన దేశపు ప్రమాణం అదే. ఐఎస్ 303 అని ఉంటే అది మామూలు ఫర్నిచరు రకం. 710 రకానికి 72 గంటలు నీళ్లలో ఉడికించే పరీక్ష ఉంటుంది, అందులో పొరలు విడిపోకూడదు. ముద్రలు కూడా నకిలీవి వస్తున్నాయి కనుక నేను చెప్పేది ఏమిటంటే, అరచేతి వెడల్పు ముక్క ఒకటి అడిగి తెచ్చుకోండి, పాత గిన్నెలో వేసి మూడు నాలుగు గంటలు ఉడికించి, ఎండలో ఆరబెట్టి, మళ్లీ ఉడికించండి. తర్వాత అంచులో చాకు మొన పెట్టి పొరల్ని లేపడానికి చూడండి. మంచి ప్లైవుడ్ అయితే జిగురు దగ్గర విడిపోదు, చెక్క పీచే చీలుతుంది. ఆ ముక్క అంచుని దీపం వెలుగులో తిప్పి చూడండి, మధ్య పొరల్లో సందులు, చీకటి గళ్లు కనిపిస్తే ఆ షీటు వద్దు, పలక వంచినప్పుడు సరిగ్గా అక్కడే విరుగుతుంది.

ప్రశ్న: పక్కదుంగ ఎంత పెద్దది ఉండాలి? 6 అంగుళాల పీవీసీ పైపుకి రెండు పక్కలా మూతలు వేసి వాడేస్తే పని అయిపోతుంది కదా? (విజయవాడ పాఠకుడు)

జవాబు: వచ్చిన అన్ని ఉత్తరాల్లోకీ అసలైన ప్రశ్న మీదే. పడవ అందం గురించి పది మంది అడిగారు, పక్కదుంగ గురించి అడిగింది ఇద్దరే, కానీ ఈ పడవ మిమ్మల్ని తిరిగి ఒడ్డుకు తెచ్చేది ఆ దుంగ వల్లే. లెక్క కష్టం కాదు. 160 మిల్లీమీటర్ల పైపు 4 మీటర్ల పొడవు తీసుకుంటే లోపల 80 లీటర్లు, అంటే మొత్తం నీళ్లలోకి తొక్కితే 80 కిలోల బరువుని పైకి నెడుతుంది. దాని సొంత బరువు, దాని మీద పడే అడ్డకర్రల బరువు కలిపి 20 కిలోలు అనుకుంటే ఇంకా 60 కిలోలు మిగిలింది. పడవ మధ్య నుంచి దుంగ మధ్యకి 1.8 మీటర్ల దూరం అనుకోండి, 60 ఇంటూ 1.8 అంటే 108. పడవ దుంగ వైపు పడిపోకుండా ఆపే శక్తి అది.

ఇప్పుడు గాలి సంగతి. 8 చదరపు మీటర్ల తెరచాప మీద గంటకు 22 కిలోమీటర్ల గాలి పక్కనుంచి తగిలితే సుమారు 22 కిలోల తోపు పడుతుంది, ఆ తోపు నీళ్ల మీదుగా 2 మీటర్ల ఎత్తున పనిచేస్తుంది కాబట్టి పడవని ఒరగదోసే బలం 45 దగ్గర. 108 ముందు 45 అంటే హాయిగా ఉన్నట్టే. కానీ గాలి వేగం రెట్టింపయితే తోపు నాలుగింతలు అవుతుంది, 45 కాస్తా 180. అప్పుడు ఆ పైపు నీళ్లలోకి మునిగిపోతుంది, మీరు తెరచాప తాడు వదలకపోతే పడవ తిరగబడుతుంది. గాలి అటునుంచి వచ్చి దుంగ గాలి వైపున ఉన్నప్పుడు లెక్క ఇంకోలా ఉంటుంది, అప్పుడు పనికొచ్చేది దుంగ బరువే. 15 కిలోల దుంగకి 15 ఇంటూ 1.8 అంటే 27, అదే 45 గాలికి దుంగ గాల్లోకి లేస్తుంది. 65 కిలోల మనిషి దుంగ వైపు ఒక్క అరమీటరు జరిగి కూర్చుంటే 32 కలుస్తుంది, మొత్తం 59, దుంగ మళ్లీ నీళ్ల మీదికి దిగుతుంది. అవుట్‌రిగ్గర్ నడపడం అంటే సగం ఈ జరగడమే.

పైపు విషయానికొస్తే, చెరువులో మొదటి నేర్చుకోవడానికి తప్పు పట్టను. మొద్దు మూతల ముందు శంకువులా ముక్కు కట్టాలి, లేకపోతే నీళ్లని తోసుకుంటూ పోతుంది. పీవీసీ ఎండకి మెత్తబడి రెండు అడ్డకర్రల మధ్య వంగుతుంది, కొన్నేళ్లకి పెళుసవుతుంది. కాబట్టి ఆ పైపుతో ఒక సీజన్ గడిపి, 4 మిల్లీమీటర్ల ప్లైవుడ్‌తో అసలు దుంగ కట్టుకోండి. ప్లైవుడ్ దుంగలో రెండు మూడు చోట్ల అడ్డుగోడలు పెట్టండి, ఒక గదిలో నీళ్లు చేరినా మిగతావి తేలుతాయి. దుంగని పడవకి సమాంతరంగా కట్టాలి, ముందు కొస దగ్గరా వెనక కొస దగ్గరా దారంతో దూరం కొలిచి చూసుకోండి, ముక్కు మాత్రం కొద్దిగా పైకెత్తి ఉండాలి.

ప్రశ్న: నేను మెకానికల్ ఇంజినీర్ని. అడ్డకర్రల్ని తాళ్లతో కట్టడం నాకు మింగుడు పడటం లేదు. స్టెయిన్‌లెస్ స్టీల్ బోల్టులు, ప్లేట్లు ఉండగా తాడెందుకు? (విశాఖపట్నం పాఠకుడు)

జవాబు: ఇంజినీర్ కాబట్టే మీకు త్వరగా అర్థమవుతుంది. అల మీద పడవ ఒకలా ఊగుతుంది, దుంగ ఇంకోలా ఊగుతుంది, రెండిటి మధ్యా అడ్డకర్ర నిమిషానికి ఎన్నోసార్లు మెలితిరుగుతుంది. బోల్టు వేస్తే ఆ మెలి అంతా బోల్టు చుట్టూ ఉన్న అర అంగుళం చెక్క మీద పడుతుంది, బెజ్జం కోలగా సాగుతుంది, నీళ్లు దిగుతాయి, చెక్క పుచ్చుతుంది. పైగా అడ్డకర్రకి అతి ఎక్కువ బరువు పడే చోటే బెజ్జం వేసి బలహీనం చేసినట్టు. తాడు కట్టు ఆ మెలిని తనలోకి తీసుకుంటుంది, నులక మంచం మనిషి బరువుని ఏ ఒక్క ముడి మీదా పడనీయకుండా అల్లిక మొత్తానికి పంచినట్టు. శ్రీలంక ఒరువ పడవల్లో పలకల్నే కొబ్బరి తాడుతో కుడతారు. 1975లో హవాయిలో నీళ్లలోకి దించిన హోకులేయా రెండు దోనెల పడవ, అవుట్‌రిగ్గర్ కాదు, కానీ దాని దోనెలూ అడ్డదూలాలూ తాళ్ల కట్టుతోనే నిలబడతాయి, 1976లో అది హవాయి నుంచి తాహితీ వెళ్లింది. బ్రిటన్‌కి చెందిన డిజైనరు జేమ్స్ వారమ్ తన కటమరాన్ (రెండు దోనెల పడవ) డిజైన్లలో ఇదే కట్టుని కొత్త రకం తాళ్లతో వాడి చూపించారు. పడవ ముక్కల్ని ఒకదానికొకటి బిగించే చోట బోల్టులు వేరు సంగతి, అక్కడ రెండు అడ్డుగోడలు ఒకదానికొకటి ఆనుకుని ఉంటాయి, మెలి పడదు.

కట్టే పద్ధతి వివరంగా చెబుతాను. పాలియెస్టర్ తాడు 4 మిల్లీమీటర్లది తీసుకోండి, నైలాన్ వద్దు, తడిస్తే సాగి వదులవుతుంది. పడవ పైఅంచు బద్ద కింద అడ్డకర్రకి అటూ ఇటూ రెండు బెజ్జాలు వేసి, వాటి అంచుల్ని గుండ్రటి ఆకురాయితో నున్నగా చేసి, లోపల ఎపాక్సీ పూయాలి, పదునైన అంచు ఉంటే నెల తిరిగేసరికి తాడు తెగుతుంది. అడ్డకర్ర కింద పాత సైకిలు ట్యూబు ముక్క ఒకటి పరచండి, కర్ర జారదు. తాడు ఒక కొస ముడివేసి, కర్ర మీదుగా తెచ్చి బెజ్జంలోంచి కిందికి దింపి, రెండో బెజ్జంలోంచి పైకి లాగి మళ్లీ కర్ర మీదికి, ఇలా ఐదారు చుట్లు. చుట్టు పక్కన చుట్టు పడాలి, ఒకదాని మీద ఒకటి ఎక్కకూడదు. ప్రతి చుట్టునీ చేత్తో లాగితే చాలదు, తాడుని చిన్న కర్రముక్కకి రెండు మెలికలు వేసి, ఆ కర్రని పడవ అంచుకి ఆనించి వెనక్కి వాల్చితే తాడు టక్కున బిగుస్తుంది, రెండో చేత్తో అక్కడే నొక్కిపట్టి తర్వాతి చుట్టుకి వెళ్లాలి. అన్నీ అయ్యాక అసలు బిగువు వచ్చేది ఇప్పుడే: నిలువుగా ఉన్న ఆ చుట్లన్నిటినీ నడుం దగ్గర అడ్డంగా చుట్టి మూడు నాలుగు సార్లు లాగండి. నిలువు తాళ్లు దగ్గరికి నొక్కుకుని, మీటితే తీగలా మోగుతాయి. ఆ మోత రాకపోతే విప్పి మళ్లీ కట్టండి. పక్కదుంగ దగ్గర కొందరు లారీ ట్యూబు పీలికలతో కూడా కడతారు, బాగానే పట్టుకుంటాయి, ఎండకి పగుళ్లిస్తే మార్చేయడమే. తాడుని కూడా ఎండ తినేస్తుంది, ఏడాదికోసారి కొత్తది కట్టండి. ఇంత బలమిచ్చే భాగానికి అయ్యే ఖర్చు తాడు ఖరీదు ఒక్కటే, దాన్ని దాటవేయొద్దు.

ప్రశ్న: ఇక్కడ మైక్రోనేషియా ప్రోవా పడవల గురించి విన్నాను, దిశ మార్చినప్పుడు పడవ తిరగదట, ముందు వెనక అవుతుందట. నేను కట్టబోయేది అలాంటిదైతే బాగుంటుందా? (ఆక్లాండ్, న్యూజిలాండ్ నుంచి ఒక తెలుగు పాఠకుడు)

జవాబు: విన్నది నిజం. ఆ పడవల్లో పక్కదుంగ ఎప్పుడూ గాలి వచ్చే వైపే ఉంటుంది. దిశ మార్చాలంటే పడవని ఆపి, తెరచాప అడుగు కొసని ఒక చివర నుంచి రెండో చివరకి మోసుకెళ్లి కట్టి, చుక్కాని తెడ్డు కూడా రెండో కొసకి మార్చి, అటు బయలుదేరతారు. శ్రీలంక ఒరువ కూడా రెండు కొసల పడవే. ఒకటో శతాబ్దపు రోమన్ రచయిత ప్లినీ ఆ దీవి ఓడలకి రెండు వైపులా ముందు భాగమే ఉంటుందని, ఇరుకు దారుల్లో తిప్పే పని లేకుండా అలా కట్టారని రాశాడు. దుంగ ఎప్పుడూ గాలి వైపే కాబట్టి అది మునిగిపోతుందన్న భయం ఉండదు, దాన్ని సన్నగా, బరువుగా చేసుకోవచ్చు.

అయినా మొదటి పడవగా వద్దంటాను. ఉన్నట్టుండి గాలి దిశ మారి దుంగ లేని వైపు నుంచి కొడితే తెరచాప వెనక్కి కొయ్య మీద పడుతుంది, అలవాటు లేనివాళ్లకి అది సర్దుకోవడం కష్టం. మామూలు తెరచాప పడవలా గాలికి ఎదురు తిరిగే రకం కట్టండి, దాంట్లో దుంగ ఒకసారి గాలి వైపు, ఒకసారి అవతలి వైపు వస్తుంది, అందుకే పైన చెప్పినట్టు దానికి తేలే శక్తి బాగా ఉండాలి. మీరున్న దేశంలో వాకా అమా (పక్కదుంగ పడవల్లో తెడ్డు వేసే ఆట) క్లబ్బులు చాలా ఉన్నాయి, ఒకదాంట్లో చేరి తెడ్డు వేయడం నేర్చుకోండి, దుంగ ఉన్న పడవలో ఎటు వాలకూడదో ఒంటికి తెలుస్తుంది.

ప్రశ్న: నికోబార్ వాళ్ల హోడీ చూశాను, చెట్టు మానుని తొలిచి చేసిన పడవకి పక్కదుంగ కట్టి ఉంది. అలా ఒక మాను సంపాదించి తొలిస్తే ఎలా ఉంటుంది? (పోర్ట్ బ్లెయిర్‌లో స్థిరపడిన శ్రీకాకుళం పాఠకుడు)

జవాబు: హోడీ చూసే భాగ్యం మీకు దక్కింది, మన దేశంలో అవుట్‌రిగ్గర్‌ని బతుకులో భాగంగా నిలుపుకున్నవాళ్లు నికోబారీలు. కానీ మాను తొలిచే పని పెద్దల పక్కన నిలబడి ఏళ్ల తరబడి నేర్చుకునేది, ఏ చెట్టు, ఎంత మందం వదలాలి, ఎక్కడ చీలుతుంది అన్నది చేత్తోనే తెలియాలి. పైగా అనుమతి లేకుండా అడవి చెట్టు కొట్టడం నేరం, నికోబార్ దీవులకి వెళ్లాలన్నా 1956 నాటి ఆదివాసుల రక్షణ రెగ్యులేషన్ కింద పాసు కావాలి. మీరు ప్లైవుడ్‌తోనే కట్టుకోండి. మీ ఊళ్లో హోడీ కట్టే పెద్దాయన ఎవరైనా పరిచయమైతే అడ్డకర్ర నుంచి దుంగలోకి దిగే చిన్న పుల్లలు ఎలా గుచ్చి కడతారో అడిగి దగ్గరుండి చూడండి, ఆయన ఒప్పుకుంటే రాసి పెట్టుకోండి. ఆ చిన్న కట్టులో ఉన్న తెలివి కొనుక్కునే ప్లానుల్లో అన్నిటా దొరకదు.

ప్రశ్న: ఎపాక్సీ కలిపిన ప్లాస్టిక్ మగ్గు ఐదు నిమిషాల్లో పొగలు కక్కి కరిగిపోయింది. సరుకు నకిలీదా? (రాజమహేంద్రవరం పాఠకుడు)

జవాబు: సరుకు తప్పు కాకపోవచ్చు, మే నెల ఎండ చేసిన పని. ఎపాక్సీ గట్టిపడేటప్పుడు వేడి పుడుతుంది, లోతైన మగ్గులో ఆ వేడికి బయటికి పోయే దారి లేక ఇంకా త్వరగా గట్టిపడుతుంది, దాంతో ఇంకా వేడి. గది వేడి పది డిగ్రీలు పెరిగితే చేతిలో ఉండే టైమ్ దాదాపు సగమైపోతుందని గుర్తుపెట్టుకోండి. స్లో హార్డెనర్ అడిగి తీసుకోండి. ఒక్కసారికి 150 గ్రాములకు మించి కలపకండి, కలపగానే వెడల్పు పళ్లెంలో పలచగా పోసేయండి. కొలత మాత్రం డబ్బా మీద ఉన్నది ఉన్నట్టే, త్వరగా ఆరుతుందని హార్డెనర్ ఎక్కువ వేస్తే ఎప్పటికీ మెత్తగానే ఉండిపోతుంది. వంటింటి డిజిటల్ త్రాసు ఒకటి ఈ పనికే కేటాయించండి.

ఇంకో చిట్కా. చెక్కకి మొదటి పూత పొద్దున పూయకండి. ఎండెక్కే కొద్దీ చెక్కలో ఉన్న గాలి వ్యాకోచించి పూతలోంచి బుడగలుగా తన్నుకొస్తుంది. సాయంత్రం చెక్క చల్లబడుతున్నప్పుడు పూస్తే ఆ గాలి కుంచించుకుని పూతని లోపలికి లాక్కుంటుంది. వానాకాలంలో ఆరిన పూత మీద జిడ్డు పొర ఒకటి కడుతుంది, గీకే ముందు మంచినీళ్లు, పీచుతో కడిగేయాలి, లేదంటే తర్వాతి పూత అంటదు. గ్లవ్స్ లేకుండా ముట్టుకోవద్దు. ఒకసారి ఒంటికి పడకపోవడం మొదలైతే ఇక జీవితమంతా ఎపాక్సీ దగ్గరికి పోలేరు, దురద, దద్దుర్లు వస్తాయి. గీకేటప్పుడు మాస్కు తప్పనిసరి. ఫైబర్ పడవలకి వాడే పాలియెస్టర్ రెజిన్ చవక అని దాంతో చెక్క అతికించకండి, అది చెక్కని సరిగ్గా పట్టుకోదు.

ప్రశ్న: తెరచాపకి ఏ గుడ్డ వాడాలి? కొయ్యకి వెదురు పనికొస్తుందా? (నెల్లూరు పాఠకుడు)

జవాబు: మొదటి తెరచాప మంచి రకం టార్పాలిన్‌తో కుట్టుకోండి, అంచులు మడిచి, లోపల తాడు పెట్టి, రెండు వైపులా అంటుకునే టేపుతో అతికించి మిషను కుట్టు వేస్తే రెండేళ్లు నిలుస్తుంది. 16 అడుగుల పడవకి 7, 8 చదరపు మీటర్లు చాలు. పసిఫిక్ వాళ్ల పీతగోరు తెరచాప, రెండు కర్రల మధ్య త్రికోణంలా పరిచేది, నాకు చాలా ఇష్టం. కొయ్య పొట్టిగా సరిపోతుంది, గాలి ఎక్కువైతే మొత్తం కిందికి దించేయొచ్చు. వెదురు కొయ్యకీ ఆ రెండు కర్రలకీ కూడా బాగా పనికొస్తుంది, గోడలు మందంగా ఉన్న గట్టి వెదురు ఏరండి, చలికాలంలో నరికినది అడగండి, పుచ్చు పురుగు పట్టకుండా బోరాక్స్, బోరిక్ యాసిడ్ నీళ్లలో నానబెట్టి నీడన ఆరబెట్టండి. సరుగుడు మన తీరమంతా దొరుకుతుంది కానీ పైన అంత బరువు మంచిది కాదు.

నీళ్ల మీదికి వెళ్లాక ఒకటి గమనిస్తారు. దుంగ గాలి వైపు ఉన్నప్పుడు పడవ గాలిలోకి తిరగబోతుంది, దుంగ అవతలి వైపు ఉన్నప్పుడు గాలికి దూరంగా పోబోతుంది, నీళ్లలో దుంగ లాగే లాగుడు అది. కంగారుపడి కొయ్య మార్చకండి. పక్క పలకని, అంటే పడవ పక్కకి జారిపోకుండా నీళ్లలోకి దింపే పలకని, ఒక జానెడు ముందుకో వెనక్కో జరిపి, తెడ్డు వదిలితే పడవ రెండు వైపులా మెల్లగా గాలికి ఎదురు తిరిగేలా సర్దుకోండి.

ప్రశ్న: మా అబ్బాయి ఇంటర్ పరీక్షలయ్యాక ఈ పడవ కడతానంటున్నాడు. ఈత వచ్చు. అయినా నాకు టెన్షన్‌గా ఉంది, వద్దనాలా? (ఒక తల్లి, వరంగల్)

జవాబు: అమ్మా, కట్టడానికి వద్దనకండి, ఇంత పట్టుగా ఒక పని చేతుల్తో చేయాలనుకునే వయసు మళ్లీ మళ్లీ రాదు. నీళ్ల మీదికి వెళ్లడానికి మాత్రం షరతులు పెట్టండి, అవి నేను రాసిస్తాను, వాడికి చూపించండి. లైఫ్ జాకెట్ వేసుకుని, పట్టీలు బిగించుకున్నాకే పడవ ఎక్కాలి, ఈత ఎంత వచ్చినా సరే, తల మీద కర్ర తగిలి స్పృహ తప్పితే ఈత పనికిరాదు. పడవకి రెండు కొసల్లోనూ మూసేసిన గాలి గదులు ఉండాలి. మొదటి రోజు తెరచాప లేకుండా నడుములోతు నీళ్లలో పడవని పూర్తిగా నీళ్లతో నింపి, వాడు అందులో కూర్చోవాలి, అప్పుడూ తేలితేనే తర్వాతి మెట్టు. ఆ తర్వాత అక్కడే కావాలని తిరగేసి, మళ్లీ నిలబెట్టడం నేర్చుకోవాలి. ఒకరు దుంగని కింద నుంచి పైకి నెట్టాలి, ఇంకొకరు బోర్లాపడ్డ పడవ మీదెక్కి అడ్డకర్ర పట్టుకుని వెనక్కి వాలాలి. ఒక్కడే ఉంటే ఇది కష్టం కాబట్టి ఒంటరిగా వెళ్లకూడదు. తోడుగా వెళ్లే పిల్లవాడికి కూడా ఇవన్నీ వర్తిస్తాయి.

చెరువు విషయంలో ముందే కనుక్కోండి, మంచినీటి చెరువుల్లో పడవలు దించనివ్వరు, మిగతా చోట్ల కూడా నీటిపారుదల శాఖనో మున్సిపాలిటీనో అడిగి కాగితం మీద అనుమతి తీసుకోవాలి. 2019లో గోదావరిలో కచ్చులూరు దగ్గర లాంచీ మునిగినప్పుడు ఎన్ని కుటుంబాలు ఏడ్చాయో మనకి తెలుసు. వీలైతే పడవ కట్టే ముందే వాణ్ణి హైదరాబాద్ పంపించి హుస్సేన్‌సాగర్‌లో సెయిలింగ్ నేర్పించండి, అక్కడి యాట్ క్లబ్బులో పిల్లలకి నేర్పుతారు. గాలి ఎటునుంచి వస్తోందో చూడకుండానే మెడ మీద తెలిసే దాకా వచ్చాక సొంత పడవలో వెళ్తే మీ టెన్షన్ సగం తగ్గుతుంది. ఎప్పుడైనా సముద్రం మీదికి వెళ్లే రోజు వస్తే ఒక మాట: తెల్లవారుజామున గాలి నేల మీద నుంచి సముద్రంలోకి వీస్తుంది, కొత్తవాళ్లని ఒడ్డుకి దూరంగా లాక్కుపోయేది ఆ గాలే. మధ్యాహ్నం సముద్రం మీద నుంచి ఒడ్డుకి వీచే గాలి వచ్చాక, అది నెమ్మదిగా ఉన్న రోజు చూసుకుని దిగాలి.

ప్రశ్న: మా పడవ దాదాపు పూర్తయింది. నల్ల రంగు వేద్దామని పిల్లలు పట్టుబడుతున్నారు. ఫర్వాలేదా? (భీమిలి పాఠకుడు)

జవాబు: నలుపు వద్దు. ఎండలో నల్ల పలక చేయి పెట్టలేనంత కాలుతుంది, మామూలు ఎపాక్సీ 50, 60 డిగ్రీల దగ్గర మెత్తబడటం మొదలవుతుంది, అతుకులు కదులుతాయి, మూసి ఉన్న దుంగలో గాలి వేడెక్కి కీళ్లని తోస్తుంది. తెలుపో, లేత పసుపో, లేత నీలమో వేయండి. ఒట్టి ఎపాక్సీ మీద ఎండ పడనివ్వకుండా చెక్క కనిపించాలనుకున్న చోట యూవీ వార్నిష్ నాలుగైదు పూతలు పూయండి. పిల్లలకి నలుపు అంత ఇష్టమైతే తెడ్డు పిడి మీద వేయనివ్వండి. ఒడ్డున ఉన్నప్పుడు దుంగ గదుల మూతలు తీసి ఉంచండి, లోపల చెమ్మ ఆరుతుంది.